అత్తగారి వైపునుంచి కూడా రాయండి

నా నవలల్లోని పాత్రల గురించి, బతుకు గురించి పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులు రాస్తున్నాను. చాలామంది సొంత ఇంటి సంగతులు రాశారు కాబట్టి ఎవరి పేర్లూ వేయలేదు, ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్ర: మీరు రాజమండ్రి ట్రంక్ ఎక్స్ఛేంజిలో టెలిఫోన్ ఆపరేటరుగా చేశారట. మీ నవలల్లో సంభాషణలు అంత సహజంగా ఉండటానికి అక్కడ విన్న మాటలే కారణమా? అలా విన్నవి రాయడం తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జ: రెండో ప్రశ్నకు ముందు చెబుతాను, అది నాకు ప్రాణం లాంటి సంగతి. ఉద్యోగంలో చేరగానే మాకు గట్టిగా చెప్పిన మాట ఒకటే, లైన్లో విన్నది లైన్లోనే వదిలేయాలి. కాల్ కలిసిందా, మాట నడుస్తోందా అని చూసుకోవడానికి ఆపరేటరు మధ్యమధ్య వినక తప్పదు. ఆ కాసేపట్లో ఎవరి కూతురు పుట్టింటికి వచ్చేసిందో, ఎవరికి అప్పులు పెరిగాయో, ఎవరికి ఏ జబ్బో చెవిన పడుతుంది. వాటిలో ఒక్కటి కూడా నా నవలల్లోకి రాలేదు, రాదు. ఒకరి రహస్యాన్ని పేరు మార్చి అచ్చేస్తే అది దాచినట్టు కాదు. ఆ మనిషి చదివితే తనదేనని వెంటనే గుర్తుపడుతుంది.

నేను అక్కడ నేర్చుకున్నది మాట్లాడే తీరు. ఈ తరం వాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. పై ఊరి నంబరు నేరుగా మనమే తిప్పుకునే ఎస్టీడీ రాకముందు, అక్కడికి మాట్లాడాలంటే ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకుని కూర్చోవాలి. ఆర్డినరీ కాల్ అయితే గంటలు పట్టేది. తొందరైతే అర్జంటు, ప్రాణం మీదికొస్తే లైట్నింగ్. తొందరనుబట్టి రేటు. ఫలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ కాల్, దానికి మళ్లీ అదనం. మూడు నిమిషాలు కాగానే మేము మధ్యలోకి వచ్చి "త్రీ మినిట్స్ ఓవర్, పొడిగించమంటారా?" అని అడగాలి.

మాటకు డబ్బు పడుతున్నప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో చూడాల్సిందే. పెద్ద వ్యాపారం ఉన్నాయన మొదటి నిమిషమంతా "హలో, వినపడుతోందా?" తోనే గడిపేస్తాడు. పోస్టాఫీసు ఫోన్ దగ్గర నిలబడి పైసా పైసా లెక్కపెట్టుకునే తల్లి కూడా "తిన్నావా, అక్కడ వానలు పడుతున్నాయా, చొక్కాలు ఉతికేవాడు దొరికాడా" అని అన్నీ అడిగి, మూడో నిమిషం అయిపోవస్తుంటే "నాన్నకి బాగాలేదురా" అంటుంది. ఆ మాట కోసమే కాల్ బుక్ చేసింది. అయినా అది చివరికే వస్తుంది. ఏలూరుకు మాట్లాడేవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడితే ఢిల్లీకి మాట్లాడేవాళ్లు కేకలు పెట్టేవాళ్లు. నా పాత్రలు అసలు సంగతి ఎప్పుడూ ముందే చెప్పవని చాలామంది అంటుంటారు. చెప్పవు. నేను విన్న మనుషులెవరూ చెప్పలేదు.

ఒక్క సంఘటన రాస్తాను. ఇది ఒకాయన నేరుగా నాతో అన్న మాట కాబట్టి రాయొచ్చు. 1986 ఆగస్టు. భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. బోర్డు మీద దీపాలు ఆరడం లేదు, అందరికీ ఏటి మధ్యనున్న లంక ఊళ్ల వైపే కావాలి, అటు లైన్లు పోయాయి. ఒకాయన పదేపదే ఒకే నంబరు అడుగుతున్నాడు. లైను లేదండీ అంటే, "కలపక్కర్లేదమ్మా. అటు రింగు వెళ్తోందా లేదా, అదొక్కటి చెప్పండి చాలు" అన్నాడు. రింగు వెళ్తే ఇల్లు నిలబడి ఉన్నట్టు ఆయన లెక్క. ఆ గొంతులో ఏడుపు లేదు, ఆఫీసులో ఫైలు సంగతి అడిగినట్టు అడిగాడు. భయంలో ఉన్న మనిషి పెద్ద మాటలు మాట్లాడడు, ఇలాంటి చిన్న లెక్క ఒకటి పట్టుకుని వేలాడతాడు. దుఃఖం సీను రాయాల్సి వచ్చినప్పుడల్లా ఆ పాత్రకు అలాంటి లెక్క ఒకటి వెతికి ఇస్తాను. అది దొరికేవరకు ఆ సీను రాయను.

ప్ర: మీరు రోజూ ఎన్నింటికి లేస్తారు? ఈ వయసులో ఇంత రాయగలగడానికి ఆహార నియమాలు ఏమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జ: షిఫ్టు డ్యూటీల అలవాటువల్ల ఏ వేళకైనా లేవగలను. ఇప్పుడు తెల్లవారుజామున లేస్తున్నాను, అప్పుడు వీధి కుళాయి శబ్దం తప్ప ఇంకేమీ ఉండదు కాబట్టి. రాత్రిపూట రాయను. నియమాలంటూ లేవు. ఆదివారం పెసరట్టు ఉప్మా మానను. నడక మానను.

ప్ర: మీ సీరియల్లో 1968లో హీరోయిన్ కొవ్వూరునుంచి రాజమండ్రికి లాంచీలో వస్తుంది. గోదావరి మీద అప్పటికే వంతెన ఉంది కదా! కథ రక్తి కట్టడానికి లాంచీ ఎక్కించారా?
– ఒక రిటైర్డ్ ఇంజనీరు, విశాఖపట్నం

జ: వంతెన ఉందండీ, రైళ్లకు. హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి. దానిమీద బస్సు వెళ్లే దారి లేదు. పైన రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన 1974లో వచ్చింది. అంతవరకు కొవ్వూరులో బస్సు దిగినవాళ్లు ఏరు దాటాలంటే లాంచీ అన్నా ఎక్కాలి, రైలన్నా ఎక్కాలి.

మరి రైలు ఎందుకు ఎక్కలేదంటారు. ఆమె తండ్రి కొవ్వూరు స్టేషన్లోనే గూడ్స్ క్లర్కు. ఇంట్లో చెప్పకుండా బయల్దేరిన ఆడపిల్ల తండ్రి కూర్చున్న గది ముందునుంచి వెళ్లి టిక్కెట్టు కొనుక్కోదు. రేవుకు వెళ్తుంది. అక్కడ లాంచీ కోసం ఎండలో నిలబడాల్సి వస్తుంది, ఆ నిలబడటంలోనే వెనక్కి వెళ్లిపోదామా అన్న ఆలోచన వస్తుంది. 1974 తర్వాత జరిగిన కథ అయితే ఆ అమ్మాయి బస్సెక్కి నిద్రపోయేది, నాకు ఆ అధ్యాయమే ఉండేది కాదు. పాతకాలం కథ రాసేటప్పుడు అప్పటికి ఏమేం ఇంకా రాలేదో ముందు చూసుకుంటాను. పాత్ర చేసే పనులు సగం అందులోంచే పుడతాయి. ఇంత శ్రద్ధగా చదివి అడిగినందుకు మీకు నమస్కారం.

ప్ర: పాత్రలకు పేర్లు ఎలా పెడతారు? నేను రాసే కథల్లో రవి, ప్రియ, ఆదిత్య తప్ప ఇంకేం తోచడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, వరంగల్

జ: మీ హాజరుపట్టీయే మీకు పెద్ద నిఘంటువు కదండీ! అందులో పిల్లల పేర్లు చూడకండి, తాతల పేర్లు అడగండి. మీ వైపు కొమురవెల్లి మల్లన్న, ఐలోని మల్లన్న ఉన్నారు, కాబట్టి కొమురయ్యలు, ఐలయ్యలు, మల్లమ్మలు ఉంటారు. యాదగిరిగుట్టకు మొక్కుకుంటే యాదగిరి. అటు ఉత్తరాంధ్రకు వెళ్తే సింహాచలం అప్పన్న పేరున అప్పలరాజు, అప్పలనర్సమ్మ. విజయనగరం పైడితల్లమ్మ పేరున పైడిరాజు. అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజు, నూకరత్నం. మా గోదావరి జిల్లాల్లో అన్నవరం దేవుడి దయవల్ల వీధికో సత్యనారాయణ, సత్యవతి. నరసరావుపేట వైపు కోటప్పకొండ ఉంది కాబట్టి కోటేశ్వరరావు. అహోబిలం చుట్టుపక్కల ఓబులేసు. గుంటూరు, నెల్లూరు వైపు దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందువుల పిల్లలు మస్తాన్‌రావులు, మస్తానమ్మలు అయ్యారు. ఆ ఒక్క పేరు పెడితే రెండు మతాలవాళ్లు కలిసి బతికిన ఊరు మొత్తం కథలోకి వచ్చేస్తుంది, మీరు విడిగా ఏమీ చెప్పక్కర్లేదు.

పేరు పెట్టాక ఇంకో పని ఉంది. ఆ మనిషిని ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకోండి. నా నవలలో నూకరాజు అనే కుర్రాడు తుని దగ్గర పల్లెలో నూకయ్య. కాకినాడ కాలేజీలో ఎన్. రాజు. హైదరాబాద్ ఆఫీసులో రాజ్. ఇంటినుంచి చెల్లెలు ఫోన్ చేసి "నూకన్నయ్యా" అంటే లేచి వరండాలోకి వెళ్లి మాట్లాడతాడు. అతను ఊరినుంచి ఎంత దూరం వచ్చాడో చెప్పడానికి నాకు పేజీలు ఖర్చు కాలేదు.

పెరట్లోంచి తల్లి గట్టిగా కేకేస్తే ఎలా ఉంటుందో ఒకసారి మీరే పలికి చూసుకోండి. పలకలేకపోతే ఆ పేరు ఆ ఇంటిది కాదు.

ప్ర: నాకు పెళ్లయి ఏడాది దాటింది. మా అత్తగారు వంటింట్లో నేను ఏ డబ్బా ముట్టుకున్నా వెనకాలే వచ్చి మళ్లీ సర్దుతారు. చక్కెర ఎంత వేశానో కూడా చూస్తారు. మావారు మంచివారే గానీ "అమ్మ అంతే" అంటారు. మీ నవలలో తాళాలగుత్తి అత్తగారిని చదివాక, మీరు ఆవిడ తరఫున రాశారని కోపం వచ్చింది. మాలాంటివాళ్ల తరఫున ఎందుకు రాయరు?
– పేరు వద్దన్న పాఠకురాలు, నంద్యాల

జ: కోపం దాచుకోకుండా రాశారు, అది నాకు నచ్చిందమ్మా. ఆ నవల కోడలి కథ. మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా కోడలి వెంటే నడుస్తుంది. అయినా మీకు అత్తగారు గుర్తుండిపోయింది. ఎందుకో చెబుతాను.

నవల మొదలుపెట్టేముందు, కథలో ఎవరివల్ల మిగతావాళ్లకు కష్టం కలుగుతుందో ఆ మనిషిని నాతో మాట్లాడించుకుంటాను. ఆ మనిషే "నేను" అని చెప్పుకుంటున్నట్టు కొన్ని పేజీలు రాస్తాను. అవి అచ్చుకు వెళ్లవు. ఆ అత్తగారు చెప్పుకున్నది ఇది: పద్నాలుగో ఏట ముగ్గురు తోడికోడళ్లున్న ఇంటికి వచ్చింది. కాఫీపొడి కొలిచి ఇచ్చేవాళ్లు. మొదటి డికాషన్ మగవాళ్లకు, రెండోది పెద్దకోడళ్లకు, అదే పొడిమీద మూడోసారి వేడినీళ్లు పోస్తే దిగింది ఈమెకు. నలభై దాటాక, ముసలావిడ పోయాక తాళాలు చేతికొచ్చాయి. ఇల్లు భర్త పేరున ఉంది. పొలం కొడుకుల పేర పెట్టారు. జీవితం మొత్తంమీద ఆమె నిర్ణయించగలిగింది ఒక్కటే, ఆ ఇంట్లో కాఫీపొడి ఎంత పడాలి, చక్కెర ఎంత పడాలి. అప్పుడు కోడలు వచ్చింది. డిగ్రీ ఉంది, జీతం ఉంది, బ్యాంకు కార్డు ఉంది. వచ్చి, ఆ అల్మారా మీద చెయ్యి వేసింది.

కోడలికి అది డబ్బా, ఆవిడకు అది ఆస్తి. ఇది తెలిశాక కూడా ఆవిడ కోడలిని ఏడిపించింది, నేను ఆ సీన్లు ఒక్కటీ తగ్గించలేదు. ఆవిడకు తన కారణం ఉందని రాశాను, ఆ కారణం న్యాయమని రాయలేదు. కోడలి కథలు రాసే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది ఇదే, ఒక్క అధ్యాయం అత్తగారి వైపునుంచి కూడా రాయండి. కోడలి బాధ అప్పుడే నిజమని తోస్తుంది. లేకపోతే అత్తగారు గడ్డిబొమ్మ, గడ్డిబొమ్మతో పోరాడిన కోడలికి ఏం గౌరవం దక్కుతుంది?

ఇక మీ ఇంటి సంగతి. మీ అత్తగారు నా నవలలోని అత్తగారు కాదు, ఆవిడ కథ వేరే ఉంటుంది. ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు ఈ వంటిల్లు ఎవరి చేతిలో ఉండేదో ఒకసారి అడగండి. పనిలో పనిగా అడగండి, ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసినట్టు వద్దు. ఏం చెబుతారో వినండి. దాంతో ఆవిడ మారిపోతారని నేను ఆశపెట్టను. ఆవిడ దేనికి భయపడుతున్నారో మాత్రం మీకు తెలుస్తుంది, తెలిస్తే రోజూ రాత్రి ఆ చక్కెర గురించే తలుచుకుంటూ పడుకోరు.

సర్దుకుపోమని నేను అనడం లేదు. వంటింట్లో ఒక అర అడగండి. "ఇందులో నా పద్ధతి ప్రకారం పెట్టుకుంటాను అత్తయ్యా" అని మీవారు ఉండగా చెప్పండి. "అమ్మ అంతే" అన్నాయన గురించి కూడా ఒక మాట. కథలో ఎవరైనా ఊరుకుంటే, ఊరుకోవడంవల్ల వాళ్లకు ఏం మిగులుతోందో చూస్తాను. మీవారికి ప్రశాంతంగా కాఫీ తాగే వీలు మిగులుతోంది. ఆ కాఫీ వారంలో రెండు రోజులు ఆయన్నే పెట్టమనండి, ఆ అల్మారాలోంచే డబ్బాలు తీసి.

ఇదంతా చక్కెర దగ్గర ఆగినంతవరకే. చెయ్యెత్తడం, కట్నం బాకీ అని వేధించడం, మీ జీతం లాక్కోవడం, పుట్టింటితో మాట్లాడనివ్వకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎవరి కారణాలూ వెతకొద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ప్రమాదం అనిపిస్తే 112. గృహహింస చట్టం 2005లో వచ్చింది. అత్తింట్లో ఉండే హక్కును కూడా అది కాపాడుతుంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. ఇది నంద్యాల పాఠకురాలికి మాత్రమే రాయడం లేదు.

ప్ర: పాత్రలు రచయిత మాట వినకుండా సొంతంగా నడుస్తాయని అంటారు. నిజంగా అలా జరుగుతుందా? సీరియల్ మొదలుపెట్టేటప్పుడు ముగింపు తెలిసి ఉంటుందా?
– ఒక ఎం.ఏ. తెలుగు విద్యార్థి, తిరుపతి

జ: పాత్ర లేచి నడవదు నాయనా. తిరగరాస్తున్నకొద్దీ మనకు అర్థమవుతుంది. మీ సిలబస్‌లోనే ఉంది దృష్టాంతం. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని తిరగరాసి చాలా పెద్దది చేశారు. మనం ఇవాళ తలుచుకునే మధురవాణి ఈ రెండోదాంట్లో పెరిగిన మనిషి. లైబ్రరీలో రెండూ పక్కపక్కన పెట్టుకుని మధురవాణి ఉన్న రంగాలు మాత్రమే చదవండి. అచ్చయిన నాటకాన్ని, పేరొచ్చిన నాటకాన్ని పట్టుకుని, ఈ మనిషి సంగతి ఇంకా ఉంది అని మళ్లీ కూర్చోవడం ఎంత పనో ఆలోచించండి. ఏ పాత్రా దానంతట అది నడిచి అంత దూరం రాదు.

సీరియల్ సంగతి అంటారా, చివరి మలుపు తెలుసు, దారి తెలియదు. కాగితానికి ఒకవైపే, మార్జిన్ వదిలి, వారం వారం రిజిస్టర్డ్ పోస్టులో పంపేదాన్ని. వెళ్లిపోయిన వారాన్ని వెనక్కి తెచ్చి దిద్దడం కుదరదు. అందుకని పాత్ర మొదట చేసిన ప్రతి చిన్న పనినీ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకునేదాన్ని, ఎడమచేత్తో తాళం తీసిందా, నెయ్యి వేసుకుంటుందా లేదా, ఎవరిదగ్గర ఎంత అప్పు ఉంది. అప్పు ముఖ్యం. ఏ పాత్ర అయినా ఎవరికి ఎంత బాకీయో, తనకు ఎవరు బాకీయో నాకు తెలిసి ఉండాలి. కొత్తగా రాసేవాళ్లు పాత్ర కళ్ల రంగు, జడ పొడుగు రాస్తారు గానీ చేతిలో నెలాఖరుకు ఎంత మిగులుతుందో రాయరు.

ప్ర: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాయాలనే కోరిక విపరీతంగా ఉంది. ఉద్యోగం మానేసి ఏడాది పాటు నవల రాద్దామనుకుంటున్నాను. మీ సలహా?
– ఒక యువకుడు, హైదరాబాద్

జ: మానొద్దు. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు గారు, విశాఖపట్నంలో పిల్లలకు లెక్కలు చెబుతూ కథలు రాశారు. రావిశాస్త్రి గారు కోర్టులో కేసులు వాదిస్తూ రాశారు. బుచ్చిబాబు గారు రేడియోలో చేశారు. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పేవారు, 1952లో ప్రపంచ కథానికల పోటీలో ఆయన 'గాలివాన'కు రెండో బహుమతి వచ్చింది. రావిశాస్త్రి గారికి కోర్టు వరండా లేకపోతే ఆ సాక్షులు, ఆ పోలీసులు, ఆ బీదాబిక్కీ ఎక్కడ దొరుకుతారు? ఉద్యోగం టైము తినేస్తుందని మీ బాధ, నాకు తెలుసు. కానీ మనుషుల్ని తెచ్చి ఇచ్చేది కూడా అదే. పైగా జీతం ఆగిన మూడో నెలనుంచి మీరు నవల గురించి ఆలోచించరు, ఇంటి అద్దె గురించి ఆలోచిస్తారు.

మీ ఆఫీసుమీద నాకు తెలిసి ఇంకా రావాల్సిన నవల రాలేదు. రాత్రి రెండింటికి క్యాబ్‌లో ఇంటికి వెళ్లే అమ్మాయి డ్రైవరుతో ఏం మాట్లాడుతుంది, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పకుండా ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని రోజూ బయల్దేరేవాడు సాయంత్రం వరకు ఎక్కడ కూర్చుంటాడు. నేను అక్కడ లేను, మీరు ఉన్నారు. రోజూ ఒక పేజీ రాయండి. సెలవు రోజుల్లో పాత కథలు చదవండి. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథల గ్రంథాలయం పెట్టారు, ఒక్కసారైనా వెళ్లి ఆ అరల మధ్య నిలబడి రండి.

ప్ర: మీ నవలల్లో మంచి మగవాళ్లందరూ మెతకవాళ్లే. గట్టి మగవాడు ఎందుకు ఉండడు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జ: తండ్రి పోయాక అన్నగారు చెల్లెలి వాటా రాయించుకోబోతే, పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అన్నగారి ఎదుట నోరెత్తని తమ్ముడు "చెల్లి వాటా చెల్లిదే అన్నయ్యా" అంటాడు ఒక నవలలో. అన్నాక చేతులు వణికి గ్లాసు కింద పెట్టేస్తాడు. నాకు గట్టి మగవాడంటే అతనే. మీకు ఆరడుగుల పొడుగు, గంభీరమైన గొంతు కావాలంటే అలాంటివి రాసేవాళ్లు ఉన్నారు, నిరభ్యంతరంగా చదవండి.

ప్ర: టీచరుగా రిటైరయ్యాను. వారు పోయారు. కొడుకు, కోడలు డల్లాస్‌లో. వారానికోసారి వీడియో కాల్ చేస్తారు. బాగున్నావా, బాగున్నాను, తిన్నారా, తిన్నాం. అయిదు నిమిషాల తర్వాత మాటలుండవు. ప్రేమ లేక కాదు. ఏం చేయాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జ: ప్రేమ ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది టీచరుగారూ. మీ ఇబ్బందికి మందు నాకు నా పనిలోనే దొరికింది, అది చెబుతాను.

రెండు పాత్రలను ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టి మాట్లాడించండి, వాళ్లు ఉపన్యాసాలైనా ఇస్తారు, మౌనంగానైనా ఉంటారు. అదే ఇద్దరి మధ్యా చిక్కుడుకాయలు పోసి ఈనెలు తీయమనండి, పావుగంటలో పాతికేళ్లనాటి సంగతి బయటికి వస్తుంది. చేతులు పనిలో ఉంటే కళ్లు కలపక్కర్లేదు. కళ్లు కలపక్కర్లేనప్పుడు మనిషి చెప్పుకోగలడు. వీడియో కాల్‌లో జరుగుతున్నది మొదటి రకం. ముఖం ముందు ముఖం, చేతుల్లో ఏమీ లేదు. ఎవరికైనా మాటలు అయిపోతాయి.

వాళ్ల శనివారం ఉదయం తొమ్మిదంటే మనకు రాత్రి ఏడున్నరో ఎనిమిదిన్నరో, కాలాన్నిబట్టి. ఆ వేళకు మీ అబ్బాయి వంటింట్లో ఉంటాడు, అక్కడ పనిమనిషి ఉండదు. అప్పుడు చేయమనండి. ఫోన్ డబ్బాకు ఆనించి పెట్టుకుని దోశలు పోసుకోమనండి. మీరు ఇటు పూలు కట్టుకోండి, ఉసిరికాయలు తరుక్కోండి, బియ్యం ఏరుకోండి. మాట్లాడాలని నియమం పెట్టుకోవద్దు. కాసేపు అట్లకాడ శబ్దమే వినపడనివ్వండి. "అమ్మా, మన పాతింట్లో ఆ నల్ల పెనం ఏమైంది?" అని వాడే అంటాడు. పెనం దగ్గర మొదలైతే ఎక్కడికైనా వెళ్తుంది.

అడిగే ప్రశ్నలు కూడా కాస్త మార్చండి. "ఆఫీసు ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది. "మీ పక్క సీటులో కూర్చునేవాళ్లది ఏ దేశం, మధ్యాహ్నం ఏం తెచ్చుకుంటారు?" అనండి. మీ వైపునుంచి కూడా "అంతా మామూలే" అనకండి. ఎదురింటివాళ్లు గేటుకు ఏ రంగు వేశారో, మీరు చదువు చెప్పిన పిల్లాడు కూరగాయల బజారులో కనపడి సంచీ మోసుకొచ్చాడో లేదో చెప్పండి. వాడు వదిలి వెళ్లిన ఊరు వాడికి కావాలి. అడగడానికి తెలియదు.

మిగతా ఆరు రోజుల సంగతి వేరు, వాటిని కొడుకుమీద పెట్టకండి. మా ఊళ్లో గౌతమీ గ్రంథాలయంలో పేపర్లు చదవడానికి వచ్చి, పేపరు అయిపోయినా కదలని పెద్దవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆడవాళ్లు తక్కువ. నిజామాబాద్‌లో మీరు వెళ్లి కూర్చోండి, ఇంకో రిటైర్డ్ టీచరును కూడా వెంటబెట్టుకెళ్లండి.

ప్ర: నేను పదో తరగతి చదువుతున్నాను. కథ రాయాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, పాలకొల్లు

జ: ఈ ఆదివారం మీ ఇంట్లో ఎవరో ఒకరిని ఎంచుకో తల్లీ. అమ్మ వద్దు, అమ్మ గురించి రాయమంటే అందరూ దండకం రాస్తారు. బాబాయో, మేనత్తో, మీ వీధిలో బట్టలు ఇస్త్రీ చేసే ఆయనో. ఆయన పని చేస్తుంటే పావుగంట చూడు. నిప్పులు ఎక్కడినుంచి తెస్తాడు, పెట్టె వేడెక్కిందో లేదో ఎలా చూస్తాడు, కాలర్ ముందా చేతులు ముందా, ఎవరి బట్టలైనా వేరే పెడుతున్నాడా, ఎందుకు పెడుతున్నాడు. నిన్ను చూసి ఏమన్నాడో అది ఆయన మాటల్లోనే రాసుకో, పుస్తకం భాషలోకి మార్చకు. ఆయన మంచివాడని గానీ పాపమని గానీ ఎక్కడా రాయకు. ఆయన ఇవాళ ఒక పని చేయకూడదనుకుని చేశాడనుకో, లేదా చేయాలనుకుని మానేశాడనుకో, అది ఏమిటో నువ్వు ఊహించి చివర కలుపు. అక్కడినుంచి కథ అవుతుంది.

రాశాక ఆయన చదివితే నొచ్చుకుంటాడా అని ఒకసారి చూసుకో. నొచ్చుకునేది ఉంటే ఊరూ పేరూ మాత్రమే మారిస్తే చాలదు, పని కూడా మార్చు, మనిషిని మొత్తం మార్చు. తర్వాత పత్రిక చిరునామాకు పంపు. రెండు పేజీలు దాటొద్దు. కాగితానికి ఒకవైపే రాయి, రెండోవైపు నేను రాసి పంపుతాను.